చేపు

మత్తికెరెలో నా కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు.
ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల,
మూలన గళ్ల దుప్పటి అడ్డం కట్టిన ట్రయల్ రూము.
అందులో ఒక మనిషి నిలబడొచ్చు.
కూర్చోవాలంటే ముందు స్టూలు పోవాలి,
తర్వాత మనిషి.

చౌడేశ్వరి ఆరున్నరకి హాజరు వేసి
మా వీధి ఊడుస్తుంది.
ఆ పొద్దు యూనిఫారం కోటు మీద రెండు తడి మచ్చలు.
కొలతలు తీసే కళ్లు కదా,
నాకు ముందు అవే కనబడినాయి.
"బిడ్డకి ఎన్ని నెలలు?"
"నాలుగు" అనింది, చీపురు గుండెలకి అడ్డం పెట్టుకుని.
"యాడుంది?"
"రైలు పట్టాల అవతల, మా అత్త కాడ.
ఇప్పుడు ఏడుస్తా ఉంటాది అక్కా.
నాకు తెలుస్తాంది."

చేపుకొచ్చిన పాలు గడియారం చూడవు.
మేస్త్రీ చూస్తాడు.

నేనూ ఒకప్పుడు గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టినదాన్నే.
గంటకి తొంభై.
కదిరిలో మా అమ్మ కాడ నా కొడుకు
డబ్బా పాలు తాగుతా ఉంటే
నేనిక్కడ బాత్రూములో కుళాయి తిప్పి,
చప్పుడు వినబడకుండా,
వాడి పాలు వాష్‌బేసిన్లో పిండేసేదాన్ని.
తెల్లగా ఒక చుట్టు తిరిగి పోయేవి.
సూపర్‌వైజరు తలుపు కొట్టేవాడు.
ఇరవై రెండేళ్లయింది.
మిషను తొక్కుతుంటే ఒక్కోసారి
ఆ తలుపే కొట్టుకుంటున్నట్టుంటుంది.

స్టూలు దులిపి దుప్పటి వెనక వేసినా.
"పదిన్నరకి మీ అత్తని బిడ్డనెత్తుకొని రమ్మను."

నరసక్క వచ్చింది, చెమట కారుస్తా,
ఎండనీ, బస్సునీ, కోడలినీ తిట్టుకుంటా.
దుప్పటి వెనక కాసేపు ఏడుపు.
తర్వాత గుటక.
గుటక.
గుటక.
పెళ్లి జాకెట్టు వేసి చూసుకోవడానికి వచ్చినామె
"ఇంకా ఎంతసేపు?" అనింది.
"కడుపు నిండేదాకా" అన్నా.
ఆ బేరం పోయింది. ఆమె మళ్లీ రాలేదు.
రాకపోతే పోయె, అనుకోవడానికి
నాకు రెండు రోజులు పట్టింది.

మేడమీద స్నిగ్ధకి ఈ సంగతి తెలిసింది.
ఆమెది పెద్ద ఆఫీసు, అన్నీ అద్దాల గోడలు.
"ధ్యానానికి గది ఉంది ఆంటీ,
ఒక కునుకు తీయడానికి గది ఉంది,
పంపు పెట్టుకోవాలంటే ప్రింటర్ల పక్కకి పొమ్మంటారు.
చట్టంలో విరామాలు ఉన్నాయి,
బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా."
చౌడేశ్వరి భుజం మీద బిడ్డకి త్రేనుపు తెప్పిస్తా అడిగింది:
"ఆ చట్టంలో స్టూలు ఉందా అక్కా?"

స్నిగ్ధ ఆ రాత్రి రెండు అర్జీలు రాసింది.
ఒకటి తన ఆఫీసుకి, ఒకటి వీళ్ల వార్డుకి.
తన ఆఫీసులో కమిటీ వేసినారు.
వార్డులో "చూద్దాం" అన్నారు.
ఇంకోటి రాసింది.
"చూద్దాం."

నరసక్కకి ఒళ్లు మండింది.
"దూడని చూపించకుండా ఆవు చేపుతుందా?
ఒట్టి చెంబు పట్టుకొని పోతే తంతాది."

సోమవారం హాజరు వేళకి
ఏడుగురు తల్లులు, ఎనిమిదిమంది బిడ్డలు
(ఒకామెకి కవలలు లెండి)
వార్డాఫీసు వరండాలో.
ఎవరూ అరవలేదు. నినాదాలు లేవు.
ఆకలేసినవాళ్లు ఏడ్చినారు, అంతే.
ఒకడు ఆఫీసరు బల్లెక్కి
హాజరు పుస్తకం మీద ఉచ్చ పోసినాడు.
సంతకాలన్నీ నీలంగా కలిసిపోయినాయి.
ఆయన ముందు లేచి నిలబడినాడు,
తర్వాత, దేవుడి దయ, నవ్వినాడు.

బ్లీచింగు బస్తాలు పెట్టే గది ఖాళీ చేసినారు.
వాసన ఇంకా పోలేదు. రెండు సార్లు కడిగినాం.
కుర్చీకి ఒక కాలు పొట్టి,
దాని కింద మడిచిన అట్టముక్క.
కిటికీ తెరకి కొలత తీయమని నన్ను పిలిపించినారు.
మూడడుగులు, నాలుగు.
పువ్వుల గుడ్డ ఉంది, కుడతానన్నా.

"కూలి ఎంతమ్మా?" అన్నాడు ఆఫీసరు.

తలుపు వైపు చూసినా.
"గొళ్లెం పెట్టించు సార్" అన్నా.
"లోపలి పక్క."