మార్చి నెల ఎలక తినింది

కొత్త సంవత్సరం ఆరాధనలో అయ్యగారు పంచిన కాగితాన్ని
తలుపు వెనక గంజితో అంటించినాను.
పన్నెండు నిలువు గళ్ళు, రోజుకొక వంతు.
గంజి వాసనకి వచ్చిన ఎలక
సరిగ్గా మార్చి నెల తినిపోయింది.

నాలుగు గంటలకి లేస్తాను.
పొద్దెక్కకముందే పలకలు కడగాల.
వేడి పలక మీద చన్నీళ్ళు పడితే చిట్లుతుందంట,
సూపర్‌వైజరు చెప్పినాడు.
ఆ లోపలే అత్తకి వంతు చదవాల.
రేషన్ కార్డులో ఆమె సుంకులమ్మ,
గుడి పుస్తకంలో దీవెనమ్మ.
ఏ పేరుతో పిలిచినా వినపడేది ఒక్క చెవికే.
ఆ చెవి నా వైపు తిప్పి
పొయ్యి ముందర కూర్చుంటుంది.

మార్చిలో ఏం చదవాలో తెలీలేదు.
"తెరువు, ఏది వస్తే అది" అనింది.
తెరిస్తే పేర్లొచ్చినాయి.
రెండు పుటల నిండా పేర్లు,
వీడు వాణ్ణి కనె, వాడు ఇంకొకణ్ణి కనె,
నాలిక తిరగని పేర్లు, ఏం చేసి బతికినారో చెప్పని పేర్లు.
దాటేద్దామని వేలు కిందికి జరిపితే
అత్త మణికట్టు పట్టుకునింది.
"చదువు. వాళ్ళని మళ్ళీ ఎవరు పిలుస్తారు?"
నేను చదువుతా ఉంటే
ఆమె లోగొంతుతో తనవాళ్ళని కలుపుకుంటా వచ్చింది.
పెద్ద సుంకన్న. దానియేలు. బావి తవ్వకంలో పోయిన ఏసోబు.
పేరు పెట్టకముందే పోయిన ఆడబిడ్డ.
చివర్న నా మొగుడు.
"యోనా" అని ఒక్కసారే అని
పొయ్యిలోకి పుల్ల తోసింది.
ఆ పొద్దు గురుతు దారం ఎక్కడ పెట్టినానో నాకు తెలీదు.

ఇది నవంబరు.
ఈ వారమంతా అత్తాకోడళ్ళ కథ,
మొగుడు పోయిన కోడలు
ఎవరిదో చేలో పరిగె ఏరుకునే కథ.
దీన్ని మాత్రం అత్త నోరు మూసుకుని వినదు.
"ఎంత దొరికింది ఆ యమ్మికి?"
"తూమెడు యవలు."
"ఒక్క పొద్దుకా! ఆసామి కావాలనే పడేయించినాడు చూడు"
అంటుంది,
కోత కూలోళ్ళకి అతను చెప్పిన మాట నేను ఇంకా చదవకముందే.
ఏరిన చేతికి తెలుస్తాది,
ఏది రాలిందో, ఏది రాల్చిందో.

ఓర్వకల్లు రాళ్ళకి అవతల మేమూ ఏరినాం.
బుడ్డలు పెరికిన చేన్లో, గట్టి పడిన సాళ్ళలో
పుల్లతో గెలికి గెలికి,
గోటి కింద ఎర్రమన్ను గడ్డకట్టి.
మూడు కాయలకి ఒకటి పుచ్చు.
పొద్దు గుంకేసరికి ఒళ్ళో రెండు శేర్లు,
కొన్నిసార్లు ఆసామి తిట్లు కూడా.
అత్త ఏరిన బుడ్డలే
యోనాకి పలకా బలపం అయినాయంట.

ఇప్పుడా చేను లేదు.
ఉంది, కంచె లోపల,
చూపు ఆనినంత మేరా నల్ల పలకలు మోస్తా ఉంది.
అవి ఎండని కోస్తాయి.
గట్టు వారన ఎవురికీ ఏమీ వదలవు.
నేను వాటి మొఖాలు కడుగుతాను,
దినానికి మూడు వందల యాభై.

నిన్న తొమ్మిదో వరస కింద
కడిగిన నీళ్ళు కారే తావులో
ఒక బుడ్డ చెట్టు కనపడింది.
ఏ యేటి కాయ మొలిచి, రాలి, మళ్ళీ మొలిచిందో,
పసుప్పచ్చ పూలు రెండు.
గడ్డి పీకేవాళ్ళు శుక్రవారం వస్తారు.
కొంచెం మట్టి ఎగదోసి, పక్కన రాయి పెట్టి వచ్చినాను.
రాయి చూస్తే వదుల్తారో, రాయినీ విసిరేస్తారో.

అత్తకి చెప్పినాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తరువాత, "ఎవరు వదిలినారంట?" అని అడిగింది.
"తెలీదత్తా."
"ఊఁ" అని మంచి చెవి ఇటు తిప్పింది.
"ఈ పొద్దుటి వంతు చూడు."

స్విచ్చి వేస్తే కరెంటు లేదు.
ఫోను వెలుగులో తలుపు వెనక చూసినాను.
డిసెంబరు అంచున
కొత్త పంటి గాట్లు.