గుంజుడు కమ్మి

తాడు వద్దన్న నేను.
తాడుకు గుంజుడే ఎరుక, ఆపుడు ఎరుకలేదు.
ముందటి బండి ఆగినా ఎనకటిది ఆగదు,
పోయి దాని నడుం మీద పడుతది.
కమ్మి కావాలె. రెండు కొనలకు పిన్నులు,
పిన్నుకు అడ్డంగ సీల,
పక్కన వదులుగ ఓ గొలుసు.
"గొలుసెందుకురా, పెండ్లికి తోల్కపోతున్నవా?" అని
ఖర్జూరం గంప మీద కూసోని నవ్విండు రాజనర్సు.

సహంల శుక్రవారం, ఫజ్రు నమాజు అయినంక.
రోడ్డు మీద ఇంకా సముద్రపు చెమ్మ.
ముందట కొత్త ట్రాక్టరు మీద షంబే,
ఎనక ముప్పై ఏండ్ల మాసీ మీద నేను.
ఇంజను సచ్చింది, స్టీరింగు బండరాయి.
గేరు నూట్రల్ల పెట్టి
రెండు బ్రేకు పెడళ్లను కొక్కెంతోని ఒక్కటి చేసిన.
మడిల అయితే విడివిడిగ తొక్కొచ్చు,
రోడ్డు మీద ఒక్క చక్రానికే బ్రేకు పడితే
బండి అటే తిరిగి బోర్ల పడుతది.

ఎనక నా ఎర్ర లుంగీ ముక్క,
ఖల్ఫాన్ ఇచ్చిన ముక్కోణపు పలక.
అయినా నమ్మబుద్ధి గాక
మాటిమాటికి మెడ తిప్పుతున్న.
షంబేది బలూచి, నాది కోరుట్ల తెలుగు.
ఇద్దరికి కలిసిన భాష ఒక చెయ్యి.
ఎత్తితే నెమ్మది, అరచెయ్యి చూపితే ఆగు,
వేలు గిర్రున తిప్పితే దువ్వార్ వస్తున్నట్టు.
ఇరవై దాటొద్దని వాని వీపుకు చెప్పిన.
వీపు తల ఊపింది.

పెద్ద రోడ్డు ఎక్కలేదు, సర్వీసు రోడ్డే.
అయినా చేపల పికప్పులు హారన్లు కొట్టుకుంట
చెవుల పక్కకెల్లి దూసుకపోతున్నయి.
ఓ కారు కిటికీల పిలగాడు
మా రెండు బండ్లను వేలితోని లెక్కవెట్టి
"వాహిద్!" అని అరిచిండు.

మసీదు ముందటి స్పీడు బ్రేకరు మీద
టక్కుమని ఓ సప్పుడు.
తాలింపుల ఆవాలు పేలినంత.
కమ్మి జారి తారు మీద నిప్పులు రాల్చింది,
గొలుసు బిగుసుకున్నది.
లేచి నిలబడి
పెయ్యి బరువంత పెడళ్ల మీద ఏసిన.
షంబే ఎనకకు చూడనే లేదు,
వాని చెయ్యి మాత్రం అరచెయ్యి అయింది.
మాసీ ముక్కు వాని బండికి జానెడు దూరంల ఆగింది.

సీల ఎక్కడ రాలిందో.
ఇసుకల దేవులాడినం, గాఫ్ చెట్టు నీడల దేవులాడినం.
మేకు లేదు, తీగ లేదు.
నా జేబుల ఉన్నది ట్రాక్టరు తాళంచెవి ఒక్కటే.
పదకొండేండ్లు దీనితోనే లేపిన దాన్ని,
ఆ పొద్దుగాల కూడ ఆరుసార్లు తిప్పిన, కుయ్యిమనలేదు.
పిన్ను తొర్రల దూర్చి రాయితోని కొట్టి వంచిన.
షంబే వంగి చూసి "ఖలాస్" అన్నడు.
అయిపోయిందన్నడో, సరిపోయిందన్నడో.

ఆ తర్వాత పదిహేనే పోయినం.

సొహార్ సనయ్యల,
శుక్రవారమైనా షెడ్డు తెరిచి కూసున్న మోజమ్మెల్
బానెట్ మీద రెండు దెబ్బలు తట్టి
నా దిక్కు చెయ్యి జాపిండు,
"మిఫ్తా?"

కమ్మి చూపించిన.