స్థానిక నామం

దెగ్లూరు దాటాక, లెండి వాగును ఎడమకు విడిచి
బలుసు తుప్పల గుట్ట.
పొద్దు ఇంకా పల్చగానే ఉంది.
మోకాళ్ల మీద కూచుని
ఒక మొక్కకు మొక్కుతున్నట్టే ఉన్నాను.

జానెడెత్తు. కాండం మీద ఎర్రచార.
ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లటి నూగు,
వేలికి అంటితే ప్యాంటుకు తుడుచుకున్నాను.
అంచుకు మూడే మూడు పళ్లు,
బాతు తడిమట్టిలో ఒక్కడుగు వేసి
మనసు మార్చుకున్నట్టు.

పుస్తకంలో దీని చుట్టాలు చాలామంది.
శనగచేలో దొరికే పప్పుకూర కాదిది.
అది చేను మరిగింది, ఇది రాతిసందుది.
పదింతల భూతద్దం కింద గింజ:
నల్లగా, నున్నగా, మీద సన్నని గుంటలు.
అవి లెక్కపెడుతుంటే మేక ఒకటొచ్చి
రెండో నమూనాను నమిలేసింది.

"హే, హే" అంటూ వెనకాలే ఈరుబాయి.
మేకను కాదు, నన్ను.
"గంత సన్నగ జూస్తున్నవ్, ఎన్నడన్న తిన్నవా?"
పేరడిగాను.
సంతలో మరాఠోళ్లకు అమ్మితే చాకవత్ అంటదట,
ఇంట్ల చక్రవర్తి కూర.
"గవి పెద్దదాని పేర్లు. దీనిది వేరే.
మా అత్తకెరుక. డెబ్బైరెండు కరువుల
ఇదే ఉడకబెట్టి పెట్టింది. పేరు..."
చేతికర్రతో నేలను రెండుసార్లు తట్టింది.
నేల చెప్పలేదు.

పాత పేపరు మడతలో పరిచాను,
వేరు పెళ్లి సంబంధాల ప్రకటనల మీదికొచ్చింది.
తేదీ. అక్షాంశం. మట్టి రంగు.
సేకరించినవారు: సాయినాథ్ బోయిన్‌వాడ్
(ఇంట్లో మేం బోయినోళ్లం,
ఆ 'వాడ్' బడి తగిలించింది).
శాస్త్రీయ నామం: ప్రజాతి వరకే,
జాతి దగ్గర ప్రశ్నార్థకం.
స్థానిక నామం: పెన్సిల్‌తో చిన్న గీత.

పద్దెనిమిది రోజులకు, రాత్రి,
మనుమడి ఫోను నుంచి:
"కొడుకా, యాదికొచ్చింది. ఉప్పడగని కూర.
ఆ యేడు ఉప్పు గూడ లేకుండె."
పక్కన పిల్లాడు ఫోనిమ్మని గుంజుకుంటున్నాడు,
లైను తెగింది.

ఫారం నాగరిలోనే నింపాలి. నింపాను,
ఐదు తెలుగు శబ్దాలు గీతకు వేలాడుతూ
ఆరేసిన బట్టల్లా ఉన్నాయి.
ప్రశ్నార్థకం ఇంకా అక్కడే ఉంది.
రుచికి గడి లేదు.

కాగితం సంచి అడుగున మిగిలిన ఎండాకును
నాలుక మీద పెట్టుకుని
లైటు ఆర్పాను.
నిజమే,
అడగలేదు.