ఒక సవారీ అంటే ఎంత

మహబూబ్‌నగర్ నుంచి ఫర్హానా పట్టిక పంపింది.
మెట్టుగడ్డ స్టాండు: సైకిళ్లు ఇరవై రెండు,
రోజుకు సవారీలు నూట నలభై.
మా నల్లగొండ గడియారం దగ్గర
ముప్పై సైకిళ్లకు తొంభై ఆరే.

ఓడినట్టే అనిపించింది. ఫోన్ చేసిన.
"పోయి వస్తే ఒకటి రాస్తవా, రెండా?"
"రెండు."
నేను ఒకటే రాస్త.
నవ్వుకున్నం, మళ్ల మొదటి నుంచి కూడినం.

అయినా పదిహేడో నంబరు కలవలే.
తెల్లారుజామున నాలుగూ పదికి తాళం తీస్తరు,
బత్తాయి మార్కెట్ దాకా ఇరవై నిమిషాలు.
అంత దూరం లేదు.
బండి చెడిందా, అంది ఫర్హానా.

మర్నాడు నాలుగింటికే పోయి నిలబడ్డ.
హమాలీ ఈదమ్మ సీటు ఎక్కలే.
క్యారేజీ మీద చెల్లెను కూసోబెట్టి,
ఆమె వంగిన కాళ్లు చక్రం పుల్లలల్ల పడకుండా
ఒక చేత్తో అదిమిపట్టి
హ్యాండిల్ నడిపించుకుంట పోతుంది.

నడక కూడా సవారీయేనా?
గడిలో ఒకటని ఉంది, మనుషులు ఇద్దరు.

ఫర్హానాకు రాసిన:
ఇంకో కాలమ్ కలుపుదాం, పేరు తర్వాత పెడదాం.
మీ దగ్గర చూడు,
దూరం తక్కువ, టైం ఎక్కువ, అసువంటివి ఎన్నున్నయో.

సాయంత్రం జవాబొచ్చింది.
పదకొండు.