గ్లాసుడన్నం

ఆదివారం, చర్చి నుంచి వస్తూ
పావుకిలో కైమా కొట్టించుకొచ్చాను.
నానిన సెనగపప్పు, గుప్పెడు మునగాకు.
మునగాకు ఈ నెల కొత్త,
నర్సు హెప్సిబా కాగితం మీద రాసిచ్చింది
రక్తం పడుతుందని.

మాంసం ఒక పాలు, పప్పు ఒకటిన్నర,
కచ్చాపచ్చాగా నూరి, గుడ్డు కొట్టి కలిపి
నిమ్మకాయంత చుడితే పద్దెనిమిది.
మాంసకృత్తులంటే మాంసంలోనే కాదమ్మా,
పప్పులోనూ ఉంటాయందా అమ్మాయి.
మా అత్తకి ఆ మాట తెలీదు.
పావుకిలోని కిలో చేయడం, అనేది దీన్ని.

చింతపండు పులుసులో వదిలితే
ముందు మునిగి, ఉడికాక తేలతాయి.
తేలనిది నేను చెయ్యి బిగించి చుట్టినది,
అది నాకు.

కాగితంలో ఇంకో వరసుంది:
అన్నం, ఒక గ్లాసు. చిన్న గ్లాసు.
సంసోను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
టీ గ్లాసేనా? అన్నాడు.

మండపేట మిల్లులో ముప్పయ్యేళ్ళు
డెబ్బై అయిదు కిలోల బస్తాలు మోసిన మెడ.
ఎడమ భుజం మీద కాయ కాసింది,
దానిమీద సబ్బు నురగైనా నిలవదు.
ఆ బియ్యం ఒక ఊరు ఎన్నేళ్ళు తినుంటుందో
లెక్కేస్తానని మా చిన్నది మొదలెట్టి
సున్నాల దగ్గర ఆగిపోయింది.
అప్పుడు పొద్దున్న చద్దన్నం,
మధ్యాహ్నం కంచం కనపడనంత, రాత్రి మళ్ళీ.
అంతా చెమటై పోయేది.
ఇప్పుడు బస్తాల్ని బెల్టు మోస్తోంది.
మొయ్యని అన్నం ఒంట్లో చక్కెరై కూర్చుంటుందని
హెప్సిబా చెప్పింది, తిట్టకుండానే.

కంచంలో గ్లాసు బోర్లించాను.
దిమ్మలా నిలబడింది, చుట్టూ అంతా స్టీలు.
ఆరు ఉండలు పెట్టి, బీరకాయ వేపుడు ఒత్తుగా పరిచి
ఖాళీ కనపడకుండా పులుసు తిప్పాను.
కాసేపు చెయ్యి పెట్టలేదు.
షావుకార్లు బస్తాకి ఇనప గొట్టం గుచ్చి
ఇంతే తీస్తారే, అన్నాడు,
ఇంతే చూసి బస్తా సంగతంతా చెప్పేస్తారు.

తర్వాత ఒక ఉండ చిదిమి, మెతుకుల్లో
చంటిపిల్లలకి కలిపినట్టు మెల్లగా కలిపాడు.
రెండో ముద్దకి మునగాకు దొరికిపోయింది.
"ఏంటే, పెరడంతా తెచ్చి పెట్టేశావా?"

బుధవారం మళ్ళీ సూది పొడిపించుకోవాలి.
అంకె దిగుతుందో లేదో.
గ్లాసు కడిగి, తుడిచి బియ్యం డబ్బాలో వేశాను, సోల పక్కన.
సోల అక్కణ్ణించి తియ్యలేదు.
ఇంట్లో ఇంకా నలుగురం తినేవాళ్ళం.