వెనక కాళ్ళు

అంతటి వసుదేవుడూ గాడిద కాళ్ళు పట్టుకున్నాడని
మా అవ్వ ఊరికే అంటూ ఉండేది.
నేను పట్టుకోలేదవ్వా,
ఇరవై రెండేళ్ళు అవే అయ్యాను.

తలకాయా, ముందు కాళ్ళూ ఎతిరాజులువి.
టీవీలో గంతుల మామ.
ఆదివారం పొద్దున తొమ్మిదింటికి
మైలాపూరు నుంచి మాధవరం దాకా
నోట్లో ఇడ్లీ నమలడం మరిచిన పిల్లలకి
టోపీ తీసి పొడుపుకథ వేసేవాడు.
విప్పే లోపలే పాట మొదలయ్యేది,
ఆయన గాడిదలోకి దూరేవాడు.
నేను అప్పటికే లోపల ఉండేవాణ్ణి.

తెలుగులో ఆ గాడిద బంగారయ్య, అరవంలో తంగం.
తోలు మాత్రం ఒకటే,
మూర్ మార్కెట్లో బేరమాడి కొన్న రైల్వే కంబళి,
నడుం దగ్గర పదకొండు టిచ్ బటన్లు.
ఒకే గుడ్డలో ఇద్దరం.
నా పేరు ఏకాంబరం,
ఎవరూ అడగలేదు కనక ఇక్కడ చెబుతున్నా.

లోపలి నుంచి నేను చూసిన మద్రాసు ఇదీ:
ఆయన బెల్టు, చెమటకి అట్టకట్టిన బనీను,
అమృతాంజనం వాసన,
కింద సుద్దముక్కతో గీసిన గుర్తులు.
ఆయన లెక్కపెట్టేవాడు,
తకిట తక, ఎడమ, తకిట తక, తన్ను.
తన్నడం నా వాటా.
నవ్వులు నా తన్నుకే వచ్చేవి,
దండలు మాత్రం మెడ ఉన్నవైపు పడేవి.

ఆట అయ్యాక బస్సులో అడిగేవాణ్ణి,
ఎలా ఉన్నారన్నా పిల్లలు?
"మొదటి వరసలో ఒకడురా,
ముందు పళ్ళు రెండూ లేవు,
ఆ సందులోంచి నవ్వు ఈల వేసింది."
ఇంకోసారి,
"తమ్ముడు జడుసుకుంటాడని
వాడి కళ్ళు మూసి, తను వేళ్ళ సందుల్లోంచి చూసిందో పిల్ల."
ఆ మాటలు నా కూలిలో భాగం.
నూటయాభై రూపాయలూ, ఆ పిల్లా.

తరవాత స్టేషన్‌వాళ్ళు టేపులు మళ్ళీ వాడుకున్నారు.
పదకొండేళ్ళ గంతుల మీద
వరికి అగ్గితెగులు గురించి ఒకాయన మాట్లాడాడు.
"పోన్లే, అన్నమైనా పండుతుంది" అన్నాడు ఎతిరాజులు.
జపాన్ బొమ్మలు అరవం నేర్చుకున్నాయి.
మేం అణ్ణానగర్ పుట్టినరోజులకి వెళ్ళాం,
వేళచ్చేరిలో చెప్పుల దుకాణం తెరిస్తే వెళ్ళాం.
అక్కడ బిరియానీ పొట్లం ఒక్కటే ఇచ్చారు,
గాడిద ఒకటే కదా అని.
గుడ్డు ఆయన నాకు పెట్టాడు.
గాడిద గుడ్డు, అని ఇద్దరం
పొలమారేదాకా నవ్వాం.

ఆఖరిది పెరంబూరులో, స్కూలు వార్షికోత్సవం.
మెడకి పట్టీ వేసిన డాక్టరు
నాలుగు కిలోల తలకాయ మోయొద్దన్నాడు.
"నువ్వు ముందుండరా" అని
ఎతిరాజులు వంగి కంబళిలోకి దూరాడు.
బటన్లు పెట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

నాకు గుండె దడదడ. అడుగులు తప్పుతానని కాదు,
పిల్లల్ని చూడబోతున్నానని.
గాడిద నోట్లో అరచేయంత సందు, దానికి నల్ల జాలీ.
తెర లేచింది, లైట్లు వెలిగాయి.

జాలీ మీద తెల్లటి మంట.
అంతే.
వరసల్లేవు. మొదటిదీ లేదు.
చీకటి కూడా కాదు, సున్నం కొట్టిన గోడ ఒకటి,
దాని వెనక ఎక్కడో కేరింతలు.

నేను నిలబడిపోయాను.
లెక్కపెట్టాలని మరిచాను.
వెనక నుంచి నా నడుం మీద రెండు వేళ్ళు
దరువు వేశాయి, తకిట తక.
అడుగేశాను. ఎడమ.
ఆయన తన్నాడు.
హాలు విరగబడి నవ్వింది.

ఆటోలో తలకాయ మా ఇద్దరి మధ్య కూర్చుంది.
వ్యాసర్పాడి సబ్‌వేలో నీళ్ళు,
బండి కదలదు, హారన్లు ఆగవు.
పట్టీ సర్దుకుంటూ అడిగాడు,
"ఎలా ఉన్నార్రా పిల్లలు?"

వంగిన చెవిని నిలబెట్టాను, మళ్ళీ వంగింది.
"మొదటి వరసలో ఒకడున్నాడన్నా" అన్నాను.
"ముందు పళ్ళు రెండూ లేవు."

ఎతిరాజులు కళ్ళు మూసుకున్నాడు.
"ఊఁ" అన్నాడు.
"నవ్వాడా?"