లేసు ముడి

హార్టిల్‌పూల్‌లో వాన పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.
ఆ వానలో తొంభై నిమిషాలు నానిన తోలుబంతి
ఎంత బరువుంటుందో నన్నడగండి.
పెళ్ళికి ముందు ఒకసారి ఇంటికి తెచ్చి
మా అమ్మ వంటింటి త్రాసులో పెట్టాడు.
ముల్లు చివరిదాకా పోయి, ఇక చోటులేక ఆగింది.
"ఇదా నువ్వు తలతో కొట్టేది?" అంది అమ్మ.
"అది నన్ను కొట్టేలోపు నేను కొడతాను,"
అన్నాడు ఆల్విన్.
నవ్వాం. ఎంత నవ్వామో!

సెంటర్ హాఫ్. ఐదో నంబరు.
ఆకాశం నుంచి వచ్చిందల్లా తిప్పి పంపడం ఉద్యోగం.
మంగళవారాల్లో జిమ్ దూలానికి తాడుతో బంతి కట్టి
వందసార్లు.
కోచ్ గుమాస్తాలా లెక్క రాసుకునేవాడట.
పదిహేను సీజన్లు. ఓ రాత్రి కూర్చుని
నేనే గుణించి చూశాను.
కాగితం పొయ్యిలో వేశాను.

శనివారం సాయంత్రాలు
నుదుటి మీద బంతి లేసు అచ్చు పడి ఉండేది,
ఎర్రగా, అడ్డగీతలతో,
ఎవరో తొందరలో రాసిన అక్షరాల్లా.
వేడినీళ్ళ గుడ్డతో అద్దేదాన్ని.
తలరాత కంటికి కనబడదంటారు.
నాకు కనబడింది.
ఆదివారం పొద్దుటికి చెరిగిపోయిందని
నమ్మాను కూడా.
స్టాండులో గొంతు పోయేలా అరిచినవాళ్ళలో
నేనూ ఉన్నాను. అది దాచను.

మతిమరుపు తర్వాత వచ్చింది.
ముందొచ్చింది చీకటి, యాభై రెండో ఏట,
బాయిలర్లు బాగుచేసుకునే రోజుల్లో.
దుంపలు ఉప్పగా ఉన్నాయని ప్లేటు గోడకేసి కొట్టాడు,
ఆ పెంకులు ఏరుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు.
వ్యాను సీటన్ ఒడ్డున ఆపి
అద్దాలు ఎక్కించుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు.
"ఏం చేస్తున్నావు?"
"అలలు లెక్కపెడుతున్నా."
తాళంచెవులు పిండిడబ్బాలో దాచాను.
మగాళ్ళకి అదో వయసమ్మా, అన్నాడు డాక్టరు.
క్లబ్బువాళ్ళు క్రిస్మస్‌కి
ఓ బుట్టెడు బిస్కెట్లు పంపారు.

టీము ఫోటో ఇంకా హాల్లోనే ఉంది.
గోల్‌కీపర్ డెన్‌జిల్ తొంభైకి దగ్గరపడ్డా
పేపర్లో గళ్ళనుడికట్టు పెన్నుతోనే నింపుతాడు.
చేతులతో ఆడినవాడు.
వెనక వరసలో ముగ్గురు మాత్రం
ఒకరి తర్వాత ఒకరు
భార్యల పేర్లు పోగొట్టుకున్నారు.
ఐడా, మ్యూరియెల్, నేను
నెలకోసారి బస్‌స్టాండు పక్క కేఫ్‌లో కలుస్తాం.
ఓదార్చుకోం.
ఎవరింట్లో ఏ తలుపుకి గడియ మార్చామో చెప్పుకుంటాం.

మొన్న మనవరాలి పుట్టినరోజు.
పసుపు బెలూన్ ఒకటి గదిలో తేలుతూ వచ్చింది.
పొద్దుట్నుంచి చొక్కా గుండీ చేతకాని మనిషి
కుర్చీలోంచి లేచాడు.
మెడ బిగించి, కళ్ళు తెరిచే ఉంచి,
(కళ్ళు మూస్తే పని అయిపోయినట్టే అనేవాడు)
సరిగ్గా ఆ క్షణానికి ఎగిరాడు.
మడమలు మాత్రమే లేచాయి. అయినా ఎగిరాడు.
నుదురు తగిలింది.
బెలూన్ చప్పుడు లేకుండా కిటికీ దాకా పోయింది.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
నా చేతిలో కేకు కోసే కత్తి ఉంది,
అదే సాకు.

న్యూకాసిల్ నుంచి వచ్చిన కాగితం డ్రాయర్లో ఉంది:
పోయాక మెదడు పరీక్షకి ఇస్తారా అని.
నాలుగేళ్ళ కిందట, ఓ తేటగా ఉన్న రోజు,
రెండుసార్లు చదివించుకుని సంతకం చేశాడు,
పిల్లల పుస్తకాల్లో చేసినట్టే, కింద పొడుగ్గీతతో.
పక్కన "శుభాకాంక్షలతో" అని కూడా రాశాడు.
పెన్నుకి మూత పెట్టలేదు.
నా భుజం మీంచి చూశాడు,
క్యూలో తర్వాత ఎవరా అని.